పళ్ళెంలో మిగిలిన స్క్రూ

సోమవారం, ఇంటి నుంచి

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అక్క క్షేమం, కడుపులో బిడ్డ క్షేమం. నేను మాత్రం మూడు రోజులుగా క్షేమంగా లేను. మీరు కంగారు పడకండి, కారు సంగతి.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా ఐదు వారాలే ఉంది. ఆస్పత్రేమో కొండెక్కి దిగి ఇరవై మైళ్ళవతల. మన వీధికి బస్సు రోజుకొక్కటి, అదీ వస్తే వచ్చినట్టు. మీరు లైట్‌హౌస్ డ్యూటీకి వెళ్తూ అక్కనీ, కారునీ నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ రోజు నుంచీ నాకు రెండే భయాలు. ఆ రెండూ కలిసి ఒకటయ్యాయి ఇప్పుడు.

ఎందుకైనా మంచిదని కారుని సందు చివరి గ్యారేజీలో చూపించాను. మెకానిక్ బానెట్ ఎత్తి, నల్లటి డబ్బా ఒకటి తెరిచి, లోపలున్నది తీసి నా ముక్కు కింద పెట్టాడు. కాగితం మడతల ఎయిర్ ఫిల్టరు. దాన్నిండా దుమ్ము, ఎండుటాకులు, ఒక చచ్చిన తూనీగ. "బండి ఊపిరి పీల్చేది దీంట్లోంచే మాస్టారూ. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు ఎత్తు రోడ్డు మీద ఆయాసపడి ఆగిపోతుంది" అన్నాడు. ఆ మాట తర్వాత అతను చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. అక్క వెనక సీట్లో, నేను ముందు సీట్లో, కారు కొండ మలుపులో. ఇదే బొమ్మ కళ్ళ ముందు.

ఫిల్టరు, కూలి, "పనిలో పని" చెకింగు అన్నీ కలిపి పదహారు వందలట. పాతది పొట్లం కట్టి నాకే ఇచ్చాడు. డబ్బు మీది, కారు మీది. ఏం చెయ్యమంటారో రాయండి. ఈ పడవకే జవాబు పంపండి, మళ్ళీ వారం దాకా పడవ లేదు.

మీ బావమరిది

తా.క. కుక్కర్ పిడి ఇంకా అలాగే ఉందని అక్క రాయమంది. ఎలాగే అని నేను అడగలేదు.

*

బుధవారం, లైట్‌హౌస్ నుంచి

ఒరేయ్ బావమరిదీ, ఆశీస్సులు.

పదహారు వందలన్న అంకె చూసి లైట్‌హౌస్ మెట్లు నూట పన్నెండూ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాను. నువ్వు సరే అనేసి ఉంటే నీ మొహం చూసేవాణ్ణి కాదు. అది చేతులున్నవాడెవడైనా పావుగంటలో చేసుకునే పని. మనిషిని చూసి రేటు చెప్తారు వాళ్ళు. నువ్వేమో స్కూల్లో బొమ్మలు గీయించే డ్రాయింగ్ మాస్టారివి, నీ మొహం చూస్తేనే రేటు రెట్టింపవుతుంది.

నేను చెప్పినట్టు చెయ్యి. పాత ఫిల్టరు పట్టుకుని విడిభాగాల షాపుకి వెళ్ళు. దాని మీద నంబరుంటుంది, అదే నంబరుది ఇమ్మను. నాలుగు వందల పైన ఒక్క పైసా ఇవ్వకు. డబ్బాకి నాలుగు క్లిప్పులుంటాయి, రబ్బరు గొట్టానికి ఒక పట్టీ ఉంటుంది. పట్టీ తియ్యి, క్లిప్పులు లేపు, లోపలి దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, కొత్తది పెట్టు, ముయ్యి. అంతే.

ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా మర్చిపోకు. మా దీపం యంత్రం విప్పేటప్పుడు మాకొక పద్ధతుంది. అంచున్న స్టీలు పళ్ళెం ఒకటి పక్కన పెట్టుకుంటాం. ఊడదీసిన ప్రతిదీ అందులోనే వెయ్యాలి. విప్పినవాడే బిగించాలి. ఆఖర్న పళ్ళెం ఖాళీ అవ్వాలి. ఏదైనా మిగిలిందా, దీపం వెలిగించకూడదు. పదకొండేళ్ళుగా నా దీపం ఒక్క రాత్రి ఆరలేదంటే ఈ పళ్ళెం చలవే.

మీ అక్కకి ఇవేవీ చెప్పకు. ఈ నెలల్లో ఆవిడ కంగారు పడకూడదు. ఆ కంగారేదో మనిద్దరం పడదాం.

నీ బావ

తా.క. కుక్కర్ సంగతి వచ్చాక చూస్తానని చెప్పు. ముందు కారుకి ఊపిరాడనీ.

*

సోమవారం, ఇంటి నుంచి

బావగారికి నమస్కారాలు.

చేశాను. గోళ్ళలో మసి ఇంకా పోలేదు, కాగితం మీద మరకలుంటే క్షమించండి.

పాత ఫిల్టరు తూనీగతో సహా పట్టుకెళ్ళి, మూడు షాపులు తిరిగి, మూడొందల ఎనభైకి కొత్తది తెచ్చాను. శనివారం మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే పిల్లిలా వంటింట్లోకి వెళ్ళాను. కింద అరలో పళ్ళెం తీస్తే చప్పుడవుతుందని, స్టూలెక్కి, అన్నిటికంటే పై అరలో ఉన్న అంచు పళ్ళెం చేత్తో తడిమి దించాను. షెడ్డులో అది బానెట్ కింద అంచు మీద పెట్టి పని మొదలెట్టాను. పట్టీ తీసి పళ్ళెంలో వేశాను. క్లిప్పులు లేపాను. లోపల తుడిచాను, కొత్తది పెట్టాను. నాలుగు క్లిప్పులూ టక్ టక్‌మని పడ్డాయి. పట్టీ బిగించాను. బావగారూ, ఆ నిమిషంలో నేను మెకానిక్‌నే అనుకోండి.

అప్పుడు పళ్ళెంలోకి చూశాను. ఒక స్క్రూ.

తళతళలాడుతూ, నన్నే చూస్తోంది. అది ఎక్కణ్ణుంచి ఊడింది, నేనెప్పుడు ఊడదీశాను, నాకు తెలీదు. మళ్ళీ అన్నీ విప్పి, మళ్ళీ బిగించాను. మళ్ళీ మిగిలింది. మూడోసారి కూడా.

మీ పద్ధతి ప్రకారం తాళం తిప్పలేదు. అసలు తిప్పాలనే బుద్ధి పుట్టకుండా తాళంచెవిని పప్పు డబ్బాలో అడుగున దాచాను. స్క్రూని జేబురుమాలులో కట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంకా నాలుగు వారాలే. ఏం చెయ్యను?

మీ బావమరిది

తా.క. నడిచి స్కూలుకి వెళ్తున్నావేమిట్రా అని అక్క అడిగింది, ఒంటికి మంచిదన్నాను. ఇవాళ కుక్కర్ దించబోతే పిడి ఊడి చేతిలోకొచ్చిందట, నా మీద ఎగిరింది. పెద్ద విషయాలతో చస్తుంటే ఈ చిన్నవి ఎవరికి పడతాయండీ!

*

బుధవారం, లైట్‌హౌస్ నుంచి

ఒరేయ్!

ఆ డబ్బాకి స్క్రూలే లేవురా! క్లిప్పులే! పట్టీకి ఉన్న స్క్రూ పట్టీతోనే ఉంటుంది, ఊడి రాదు. మరి నువ్వు విప్పింది ఏమిటి? నిజం చెప్పు, నేను తిట్టను. చెప్పకపోతే మాత్రం తిడతాను.

నిన్న సాయంత్రం దీపం అద్దం తుడుస్తుంటే అందులో నా మొహం బదులు స్క్రూ కనిపించింది. ఊడినచోటు ఖాళీగా ఉంటుంది కదా. ఆ ఖాళీ వెతుకు. నంబరు ప్లేటు చూడు. హెడ్‌లైట్లు చూడు. వైపర్లు, తలుపులు, సీట్ల కింద, బాటరీ చుట్టూ, అన్నీ చూడు. ఒక్కోదాన్నీ ముట్టుకుని చూడు, కంటితో చూసి ఊరుకోకు. స్క్రూ ఉండాల్సిన చోట చిల్లు ఉంటే అదే.

నువ్వు బొమ్మలు గీసేవాడివి కదా, ఆ స్క్రూని ఉన్నదున్నట్టు గీసి పంపు. ఎంత పొడుగు, ఎంత లావు, మరలెన్ని, తల మీద గాడి ఎలా ఉంది, అన్నీ తెలియాలి. అసలుది పంపకు, పడవలో పోతే మన కొంప మునుగుతుంది.

అక్కకి చెప్పలేదు కదా? ఆవిడ మొహంలో ఏదైనా అనుమానం కనబడితే వెంటనే వాతావరణం గురించి మాట్లాడు. నేను అదే చేస్తాను, పదకొండేళ్ళ అనుభవం.

నీ బావ

తా.క. కుక్కర్ పిడికి ప్రస్తుతానికి గుడ్డ చుట్టుకోమను. ఇల్లన్నాక ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది.

*

సోమవారం, ఇంటి నుంచి

బావగారికి నమస్కారాలు.

వెతికాను. ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా కారు కింద పడుకుని, పక్కన పడుకుని, లోపల తలకిందులుగా పడుకుని వెతికాను. నూట ఆరు స్క్రూలున్నాయి మీ కారుకి. నూట ఆరూ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క చిల్లు ఖాళీ లేదు. అంటే ఇది కంటికి కనబడని చోటుదన్నమాట. నాకు ఇంకా భయమేసింది.

వీధిలో వాళ్ళకి తెలిసిపోయింది. నా తప్పు కాదు, కారు కింద నుంచి కాళ్ళు బయటికి కనబడితే ఎవరైనా అడుగుతారు. ఎదురింటి టైలరు చూసి, ఇలాంటిది తన మిషనులో ఉంది కానీ తన మిషనుకి టైర్లు లేవన్నాడు. మూలింటి రిటైరైన బస్సు డ్రైవరు రుమాలు విప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూశాడు. "ఇది లేకపోయినా బండి నడుస్తుంది నాయనా. ఎంత దూరం నడుస్తుందో మాత్రం చెప్పలేను" అన్నాడు. నేను రుమాలుకి ఇంకో రెండు ముళ్ళేసి కట్టుకున్నాను.

టాక్సీ అతన్ని ఆ రోజుకి సిద్ధంగా ఉండమని అడిగాను. ఆ రోజంటే ఏ రోజన్నాడు. అది బిడ్డ ఇష్టం కదా అన్నాను. అయితే రోజూ కాసుకుని కూర్చోవాలి, రోజుకి మూడొందలన్నాడు. నాలుగు రోజులిచ్చాను. ఇంక ఇవ్వలేక మాన్పించాను. ఫిల్టరు దగ్గర ఆదా చేసిన పన్నెండు వందల ఇరవై అక్కడికి సరి. ఇరవై మిగిలింది.

మీరడిగిన బొమ్మ ఇందులో పెట్టాను. మెత్తటి పెన్సిలుతో, వెలుగు ఎడమ పక్క నుంచి పడుతున్నట్టు, మరలు ఒక్కోటీ లెక్కపెట్టి గీశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా ఏదీ గీయలేదు.

మీ బావమరిది

తా.క. ఏం గీస్తున్నావురా అంత ముద్దుగా అని అక్క వెనక నుంచి వచ్చింది. చేత్తో మూసేసి, ఈసారి వానలు ముందే వచ్చేలా ఉన్నాయన్నాను. ఆవిడ ఎగాదిగా చూసి, "మీ బావ నేర్పాడా?" అంది.

*

బుధవారం, లైట్‌హౌస్ నుంచి

బావమరిదీ,

కూర్చుని చదువు. ఏదైనా పట్టుకుని చదువు.

నీ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచాను. ఐదంగుళాల పావు పొడుగు. నా బొటనవేలికి రెండింతలు లావు. నువ్వు దీన్ని స్క్రూ అంటున్నావా? రుమాలులో కట్టి జేబులో వేసుకుని తిరుగుతున్నావా? నీ జేబు చిరిగిపోలేదూ? ఇది ఇంజన్ని మోసే బోల్టురా! దీని మీదే ఇంజను కూర్చుంటుంది. ఇది లేకుండా కొండ దిగితే ఇంజను ఒక దారి, మీరొక దారి. దీన్ని పావుగంటలో నువ్వెలా ఊడదీశావో నాకు అంతుపట్టడం లేదు, మామూలు మనిషికి సాధ్యం కాదు.

తాళం తిప్పకు. బానెట్ ముట్టుకోకు. మీ అక్కని కారుకి పదడుగుల దూరంలో ఉంచు. ఆదా మాట మర్చిపో, పదహారు వందలు కాదు, పదహారు వేలడిగినా గ్యారేజీ అతన్ని ఇంటికి పిలిపించు. ఈ సలహా ఇచ్చిన నా నోటికి తాళం వెయ్యాలి.

నాకు భయంగా ఉందిరా. ఇక్కడ చుట్టూ నీళ్ళు, ఫోను లేదు. ఓడలన్నిటికీ దారి చూపిస్తాను, నా పెళ్ళానికి ఇరవై మైళ్ళ దారి లేకుండా చేశాను. మెట్లెక్కుతున్నప్పుడల్లా ఇదే ఆలోచన. ఉండబట్టలేక, వాతావరణం చెప్పడానికి తప్ప వాడకూడని వైర్‌లెస్‌లో, ఇంజను బోల్టుల గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగేశాను. పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు, అడగనీ. సెలవుకి అర్జీ కూడా ఈ పడవలోనే పంపుతున్నాను.

నీ బావ

తా.క. పొద్దున్న చేపల పడవతను ఒకడు గాలి ఎటుందని అడగాల్సింది పోయి, "బోల్టు దొరికిందా సార్" అని అడిగాడు. సముద్రం మొత్తానికి తెలిసింది. మీ అక్కకి మాత్రం తెలియనివ్వకు.

*

శనివారం, ఆస్పత్రి నుంచి

శ్రీవారికి,

పాప పుట్టింది. ఈ మాట అన్నిటికంటే ముందు రాస్తున్నాను, లేకపోతే మీరు ఉత్తరమంతా బోల్టు కోసం వెతుకుతారు. గురువారం మధ్యాహ్నం రెండున్నరకి. చెప్పిన తేదీకి రెండు వారాల ముందే వచ్చింది, పోలికలు నావే. నేను బాగున్నాను, పాప బాగుంది. మా తమ్ముడు వరండాలో బెంచీ మీద అడ్డంగా పడున్నాడు. నర్సమ్మ రెండుసార్లు వాణ్ణి పేషెంటనుకుని నాడి చూసింది.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. "కారు తియ్యరా" అన్నాను. వాడు తెల్లబోయి, "వానలు ముందే వచ్చేలా ఉన్నాయక్కా" అన్నాడు. సరిగ్గా అప్పుడే పోస్టతను మీ ఉత్తరం తెచ్చాడు. అది చదివి వాడు కారుకీ నాకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. "అక్కా, నువ్వు కారుకి పదడుగుల దూరంలో ఉండాలట" అన్నాడు. పురిటి నొప్పులతో ఉన్న మనిషికి మీరు పంపిన కబురు అది. బాగుందండీ.

గట్టిగా రెండు కేకలేస్తే అంతా కక్కాడు. మూడు వారాల కథ. పళ్ళెం, తూనీగ, నూట ఆరు స్క్రూలు, బస్సు డ్రైవరు, అన్నీ. కళ్ళనీళ్ళు పెట్టుకుని రుమాలు విప్పి నా అరచేతిలో పెట్టాడు.

అరంగుళం స్క్రూ. ఐదు కాదు, అర. బోర్డు మీద అగ్గిపెట్టె గీసినా గుమ్మమంత గీస్తాడు వాడు, ఆఖరి బెంచీ పిల్లలకి కనబడాలి కదా. ఇరవయ్యేళ్ళ అలవాటు. దాని మీద స్కేలు పెట్టి కొలిచిన మిమ్మల్ని ఏమనాలి?

ఆ స్క్రూని చూడగానే గుర్తుపట్టాను. ఎందుకు పట్టనూ! అది నా కుక్కర్ పిడిది. ఆరు నెలల క్రితం మీరు డ్యూటీకి వెళ్ళే రోజు పొద్దున్న, పిడి ఊగుతోందంటే బిగిస్తానని కూర్చుని, రెండింట్లో ఒకటి విప్పారు. ఇంతలో పడవ కూత వినబడింది. "పోకుండా ఉంటుంది" అని ఆ స్క్రూని పై అరలో అంచు పళ్ళెంలో వేసి, "వచ్చాక బిగిస్తా" అని చెప్పి వెళ్ళారు. రెండోది ఒంటరిగా మోసి మోసి మొన్న అదీ ఊడింది. మీ పద్ధతిలో అన్నీ ఉన్నాయి, మొదలెట్టే ముందు పళ్ళెంలో ఏముందో ఒకసారి చూడమని మాత్రం లేదా?

నాకు అంత నొప్పిలోనూ నవ్వాగలేదు. పప్పు డబ్బాలోంచి తాళంచెవి తీసి నేనే తిప్పాను. మొదటి తిప్పుకే స్టార్టయింది. తమ్ముణ్ణి నడపమని వెనక కూర్చున్నాను. ఇరవై మైళ్ళూ నొప్పులు నావి, కేకలు వాడివి. గతుకు వచ్చినప్పుడల్లా ఆపి, దిగి, రోడ్డు మీద ఏమైనా పడిందేమోనని వెనక్కి చూశాడు. నాలుగోసారి దిగినప్పుడు, ఇంకోసారి దిగితే నేనే నడుపుకుపోతానన్నాను. ఆ తర్వాత దిగలేదు. కొండ రోడ్డు మీద కారు ఒక్కసారి కూడా ఆయాసపడలేదండీ. ఆయాసమంతా వాడే పడ్డాడు.

గ్యారేజీ అతను నిన్న పాపని చూడ్డానికి వచ్చి, పనిలో పని కారు కూడా చూశాడు. ఫిల్టరు శుభ్రంగా పెట్టారు, నాకంటే బాగా పెట్టారన్నాడు. తమ్ముడు ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. మీరు ఈ పని ఎన్నిసార్లు చేశారో కూడా అడిగాను. "సారు ఎప్పుడూ బెంచీ మీద కూర్చుని చూసేవారమ్మా" అన్నాడు.

నా మీద కోపం తెచ్చుకోకండి, నాకు మీ మీద కోపం లేదు. ఉంది, కానీ మీ ఉత్తరంలో "నాకు భయంగా ఉందిరా" అన్న వాక్యం దగ్గర పోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ ఆ మాట అనలేదు, గాలి ఎటు వీస్తోందో చెప్పేవారు. ఇకమీదట భయమేస్తే నాకు రాయండి. నేను మీ ఇద్దరికంటే గట్టిదాన్ని.

ఈ కవరులో ఆ స్క్రూ పెట్టి పంపుతున్నాను. నేను బిగించుకోలేక కాదు, చాకు కొసతో ఒక్క నిమిషం పని. కానీ విప్పినవాడే బిగించాలని పద్ధతి మీదే కదా. పట్టుకుని రండి.

మీ శ్రీమతి

తా.క. మీ బావమరిది పాపని ఎత్తుకోగానే చేతివేళ్ళూ కాలివేళ్ళూ మూడుసార్లు లెక్కపెట్టాడు. ఇరవైకి ఇరవై. "బావగారికి రాయక్కా, ఏదీ తగ్గలేదు, ఏదీ మిగల్లేదు" అన్నాడు.